రెండు తలాంతులవానికీ అదే మెప్పు



పదవ తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజులు మామిడికాయ దిగే రోజులతో కలిసి వస్తాయి. ఆ రోజులలో మన తిరువూరు ప్రాంతంలో ఇంటింటా రెండే మాటలు. తోటలో కాపు ఎలా ఉంది? పిల్లవాడికి మార్కులు ఎన్ని వచ్చాయి? కూడళ్లలో కళాశాలల ఫ్లెక్సీలు లేస్తాయి. వాటిమీద నవ్వుతున్న పిల్లల ముఖాలు, ఒక్కొక్క ముఖం కింద ఒక అంకె. ఆ పిల్లలు కష్టపడి చదివారు. సర్వేశ్వరుడు వారిని దీవించుగాక. అయితే అదే తరగతిలో, అదే బెంచీమీద కూర్చుని చదివి, ఫ్లెక్సీ ఎక్కని పిల్లలు చాలామంది ఉన్నారు. వారు ఆ కూడలి దాటేటప్పుడు తల వంచుకుని నడిచిపోతారు. ఈ వారం నా మాటలు ముఖ్యంగా వారి కొరకు, వారిని కన్నవారి కొరకు.

పిల్లలను ప్రోత్సహించాలని మనము గొప్పవారి పేర్లు చెబుతాము. "ఫలానావారిని చూడు, ఎంత ఎత్తుకు ఎదిగారో" అంటాము. చెప్పవలసిందే. కాని మనము చెప్పేది తరచుగా ఆ జీవితంలోని చివరి పుట మాత్రమే. మెడలో పతకం పడిన పుట, సన్మానం జరిగిన పుట. ముందు పుటలు తిప్పము. మన బిడ్డకు నిజంగా పనికివచ్చే పాఠం ఆ ముందు పుటలలోనే ఉంది. విజ్ఞానశాస్త్రము, కళ, క్రీడ అనే మూడు రంగాలలో పేరుపొందిన కొందరు తెలుగువారి ముందు పుటలు ఈ రోజు తిప్పి చూద్దాము. దానికి ముందుగా యేసు ప్రభువు చెప్పిన ఒక ఉపమానాన్ని మనసుకు తెచ్చుకుందాము.

యజమాని మెప్పు, సేవకుని భయం

మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానం మీరు దేవాలయంలో ఎన్నోసార్లు విన్నదే. యజమాని ప్రయాణమై పోతూ ముగ్గురు సేవకులకు తన ధనం అప్పగించాడు. ఒకనికి ఐదు తలాంతులు, ఒకనికి రెండు, ఒకనికి ఒకటి. మొదటివాడు ఐదును పది చేశాడు. రెండవవాడు రెండును నాలుగు చేశాడు. మూడవవాడు గొయ్యి తవ్వి పాతిపెట్టాడు.

ఇక్కడ మొదట తెలుసుకోవలసినది తలాంతు విలువ. ఆ కాలంలో ఒక కూలివాడు పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేస్తే వచ్చే కూలి ఒక తలాంతు. అంటే ఒక్క తలాంతు అందుకున్నవాడు కూడా బీదవాడు కాడు. సర్వేశ్వరుడు ఎవరినీ ఉత్త చేతులతో ఈ లోకంలోకి పంపలేదు.

రెండవది, యజమాని తిరిగివచ్చి పలికిన మెప్పు. పది చూపినవానికి, నాలుగు చూపినవానికి ఆయన చెప్పినవి ఒకే మాటలు. ఒక్క అక్షరం కూడా తేడా లేదు. మీ సువార్త గ్రంథం తెరిచి రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చదవండి. పది తెచ్చినవాని ఫోటో ఆయన పెద్దదిగా వేయించలేదు. నాలుగు తెచ్చినవానిని, "వాడిని చూసి సిగ్గు తెచ్చుకో" అనలేదు. ఆయన లెక్క వేసినది నమ్మకంగా పనిచేశావా అనే ఒక్క సంగతినే.

మూడవది, ఒక్క తలాంతువాడు చెప్పిన కారణం. అతడు తాగి తగలేయలేదు, జూదమాడలేదు. తన యజమాని కఠినుడని అనుకున్నాడు, భయపడ్డాడు, పాతిపెట్టాడు. పునీత తోమాసు అక్వీనాసు తన వేదాంత గ్రంథంలో ఈ సేవకుని గూర్చి చర్చిస్తూ, అతని పాపానికి పిరికిమనసు అని పేరు పెట్టాడు. తన శక్తికి మించినదానిని కోరుకోవడం గర్వమైతే, తన శక్తికి తగినదానిని కూడా చేయకుండా వెనక్కు తగ్గడం పిరికిమనసు. రెండూ దోషాలే. వినయమంటే దేవుడిచ్చిన వరాన్ని దాచిపెట్టడం కాదని కూడా ఆ మహాపండితుడు బోధించాడు. ఈ తోమాసును విద్యార్థిగా ఉన్నప్పుడు తోటివారు మూగ ఎద్దు అని ఎగతాళి చేశారని మరచిపోకండి.

అయితే ఆ భయం ఎక్కడినుంచి వస్తుంది? ఉపమానంలో యజమాని నిజానికి కఠినుడు కాడు. తన ఆస్తినంతా సేవకుల చేతిలో పెట్టి పోయిన ఉదారుడు. సేవకుడే ఆయనను కఠినుడనుకున్నాడు. మన ఇళ్లలో సంగతి ఏమిటి? మన పిల్లల కళ్లకు మనము ఎలాంటి యజమానులుగా కనిపిస్తున్నాము? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని ముందుకు సాగుదాము.

పరీక్ష తప్పిన శాస్త్రవేత్త

1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. చిన్నతనంలో చదువుమీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కు రప్పించి మళ్లీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఆ తల్లి తన నగలమ్మి కొడుకును మద్రాసు పంపింది. మూడవసారి హిందూ హైస్కూలు నుంచి పరీక్ష రాసి గట్టెక్కాడు.

అంతటితో కష్టాలు తీరలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా పూర్తి వైద్య పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు అతని సోదరుని బలి తీసుకుంది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో అమెరికాలోని బోస్టను చేరాడు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేసి పొట్టపోసుకుంటూ పగలు చదువుకున్నాడు. 1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. కండరాలకు శక్తి ఎలా అందుతుందో తెలిపే పరిశోధనలు చేశాడు. అయినా హార్వర్డు విశ్వవిద్యాలయం అతనికి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరాడు.

అక్కడ అతని ఆధ్వర్యంలో జరిగిన పని ఏమిటో తెలుసుకోవాలంటే మీ ఇంటి మందుల డబ్బా తెరవండి. గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అతని బృందం ప్రయోగశాలలో తయారుచేసింది. అతని సోదరుని చంపిన స్ప్రూ జబ్బుకు కూడా ఆ ఫోలిక్ యాసిడే మందు అయింది. బోదకాలు రాకుండా మన జిల్లాలలో ఏళ్ల తరబడి ఊరూరా మింగించిన డి.ఇ.సి. మాత్ర అతని బృందం ఇచ్చినదే. క్యాన్సరుకు, కీళ్లవాతానికి నేటికీ వాడే మెథోట్రెక్సేట్ ఆ ప్రయోగశాలనుంచే వచ్చింది. ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవ నాశిని కూడా అతని విభాగంలోనే బయటపడింది. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, పరాయి దేశంలో ఆయన కన్నుమూశాడు. నోబెల్ బహుమతి రాలేదు. ఆయన మందు మింగిన కోట్లమందిలో ఆయన పేరు తెలిసినవారు కొద్దిమందే.

ప్రియ తల్లులారా, మెట్రిక్యులేషన్ రెండవసారి తప్పిన రోజున భీమవరంలో వెంకమ్మ గారు, "ఇక వీడికి చదువు రాదు" అని తీర్పు చెప్పి ఉంటే? ఆ కొడుకులో ఏముందో ఆమెకు తెలియదు. రక్తము, భాస్వరము, కండరాలు ఆమెకు తెలియవు. తన బిడ్డ ఉత్త చేతులతో పుట్టలేదన్న నమ్మకం ఒక్కటే ఆమెకున్నది. ఆ నమ్మకానికి ఆమె తన నగలను ధరగా చెల్లించింది.

మూసిన తలుపు ముందు నిలిచిన కవి

సుబ్బారావు పుట్టిన ఆ 1895లోనే, సెప్టెంబరు 28న, పల్నాటి సీమలోని వినుకొండలో గుఱ్ఱం జాషువ పుట్టాడు. క్రైస్తవ కుటుంబం. తల్లిదండ్రులవి వేరువేరు కులాలు. తల్లి మాదిగ, తండ్రి యాదవ. పద్యం మీద ప్రేమతో సంస్కృతము, పురాణాలు నేర్వబోతే తన మతంవారే ఆక్షేపించారు. సభలో పద్యం చదివితే, కులం తెలిసిన తరువాత అగ్రవర్ణాలవారు అవమానించారు. బ్రతుకు తెరువుకు బడిపంతులుగా పనిచేశాడు. మూకీ సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే పని కూడా చేశాడు.

1941లో ఆయన 'గబ్బిలం' కావ్యం వెలువడింది. గుడిలోనికి అడుగుపెట్టనివ్వని ఒక పేదవాడు, గుడి కప్పునుంచి వేలాడే గబ్బిలంతో తన బాధను కాశీ విశ్వనాథునికి కబురు పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్నది! కోపాన్ని తిట్లుగా మార్చకుండా కావ్యంగా మార్చాడు. అందుకే ఆ కావ్యం అవమానించినవారి పిల్లల చేత కూడా కంటతడి పెట్టించింది. తరువాత ఆయన మన ప్రభువు చరితాన్ని 'క్రీస్తు చరిత్ర' అనే కావ్యంగా రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. మరుసటి ఏడు, 1971 జులై 24న ఆయన పరమపదించాడు.

ఈ బిరుదులకంటే గొప్ప సన్నివేశం ఒకటి ఉన్నది. ఆ కాలపు తెలుగు పండితులలో పెద్దవాడు, శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, సభలో జాషువ కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడు. శ్రోత్రియ బ్రాహ్మణుడైన ఒక వృద్ధుడు, అంటరానివాడని లోకమన్న ఒక కవి పాదం పట్టుకున్నాడు. పేతురు పాదాలు కడిగిన ప్రభువును ఎరిగిన మనము ఆ దృశ్యం ముందు ఒక నిమిషం ఆగాలి. ఒకరి ప్రతిభను గుర్తించడానికి వంగినవాడు చిన్నవాడు కాలేదు. తెలుగు సాహిత్య చరిత్ర చెప్పుకునేటప్పుడల్లా ఆ వంగిన తల కూడా గౌరవంగా కనిపిస్తుంది.

మన విచారణలలో జాషువ వంటి పిల్లలు లేరా? గాయకబృందంలో వెనుక వరుసలో నిలబడే అమ్మాయి, ఉపదేశి గారి పక్కన కూర్చుని బొమ్మలు గీసే అబ్బాయి. ఫలానా ఇంటి పిల్లవాడు అని మనము ముందే ఒక గీత గీసి, ఆ గీత దాటనివ్వకపోతే ఆ తలాంతును పాతిపెట్టినది పిల్లవాడా, మనమా?

జోలెలో పడిన పిడికెడు మెతుకులు

కృష్ణా జిల్లాలో, గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టాడు. తండ్రి పాటగాడు, కొడుకు చిన్నవాడుగా ఉండగానే చనిపోయాడు. సంగీతం నేర్చుకోవాలని ఆ బాలుడు విజయనగరం చేరాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు అతనిని శిష్యునిగా స్వీకరించి విద్య చెప్పారు. తిండికి గడవక, భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. అంటే గడప గడపకూ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకుని తిని, పాఠానికి కూర్చున్నాడు. ఆ తరువాత సంగతి మీకు తెలిసిందే. తెలుగువారి ఇళ్లలో ఆయన గొంతు వినిపించని తరం లేదు.

ఆ జోలెలో అన్నం వేసిన విజయనగరం ఇల్లాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఏదో ఒక పిల్లవాడు, ఆకలిగా ఉన్నాడు, ఒక పిడికెడు పెడదామనుకున్నారు. ఆ పిడికెడు మెతుకులు తరువాత కోట్లమంది విన్న పాట అయ్యాయని వారికి తెలియదు. పరలోకంలో లెక్క తేల్చేరోజున ఆ పాటలో వారి వాటా వారికి తప్పక ముడుతుంది. ఐదు తలాంతులవాడికి ఒక పూట అన్నం పెట్టడం కూడా ఒక తలాంతే.

ఓడిన తరువాతి ఆట

ఇక క్రీడల సంగతి. ఆటలో గెలుపు ఓటములు దాచడానికి వీలులేదు. అందరి కళ్లముందే జరుగుతాయి. పునీత పౌలు కూడా కొరింతీయులకు వ్రాస్తూ పరుగుపందెపువాని శిక్షణను విశ్వాసికి ఉదాహరణగా చూపాడు.

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 1994లో ఆడుతూ మోకాలు దెబ్బతీసుకున్నాడు. శస్త్రచికిత్సలు జరిగాయి. ఆట ముగిసిందని చాలామంది అనుకున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోనె తరువాత ఆ ఘనత సాధించిన రెండవ భారతీయుడు అతడే. అంతకు ముందటి ఏడు సిడ్నీ ఒలింపిక్సులో అతనికి పతకం రాలేదు. మంచి పేరు ఉన్నప్పుడు కూల్‌డ్రింకు ప్రకటనకు డబ్బు ఇస్తామంటే, పిల్లల ఆరోగ్యానికి మేలుచేయనిదానిని నేను అమ్మనని కాదన్నాడు. తన ఇల్లు తాకట్టు పెట్టి హైదరాబాదులో శిక్షణ కేంద్రం కట్టడానికి పూనుకున్నాడు. 2012 లండను ఒలింపిక్సులో శిష్యురాలు సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో శిష్యురాలు పి.వి. సింధు రజతం తెచ్చారు. తన మెడలో పడని పతకం తన శిష్యుల మెడలో చూసి సంతోషించగలగడం చిన్న వరం కాదు. తనకు చేతకానిదానిని కొడుకు చేత బలవంతంగా చేయించాలనుకునే తండ్రికీ, ఈ గురువుకూ ఎంతో దూరం ఉన్నది. ఆ తండ్రి తన ఓటమిని బిడ్డ నెత్తిమీద పెడతాడు. ఈ గురువు తన అనుభవాన్ని శిష్యుల కాళ్లకింద మెట్టుగా వేశాడు.

ఆ సింధునే చూడండి. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనలులో 2017లో 110 నిమిషాలు పోరాడి జపాను క్రీడాకారిణి ఒకుహారా చేతిలో ఓడింది. 2018లో మళ్లీ ఫైనలు, మళ్లీ ఓటమి. ఫైనలులో ఓడిపోతుందన్న మాట కూడా పడింది. 2019లో బాసెల్ నగరంలో అదే ఒకుహారాను ఓడించి ప్రపంచ విజేత అయింది. మూడవసారి ఫైనలుకు రావాలంటే, రెండుసార్లు ఓడినా మరుసటి ఉదయం లేచి సాధనకు వెళ్లి ఉండాలి గదా!

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ల వయసులో, చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో ఆ హోదా పొందిన స్త్రీలలో అతి చిన్నది ఆమే. తండ్రి అశోక్ గారు తన ఉద్యోగం వదులుకుని ఆమెకు ఆట నేర్పారు. ప్రతి తండ్రీ ఉద్యోగం మానుకోనక్కరలేదు. బిడ్డ పక్కన కూర్చునే సమయం మాత్రం ప్రతి తండ్రీ ఇవ్వగలడు. వివాహమై, బిడ్డను కని, కొంతకాలం పోటీలకు దూరంగా ఉన్న హంపి 2019 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. 2024 డిసెంబరులో న్యూయార్కులో మొదటి ఆటే ఓడిపోయింది. ముప్పై ఏడేళ్ల తల్లి, ఇంకా పది ఆటలు మిగిలి ఉన్నాయి. చివరకు రెండవసారి ప్రపంచ ర్యాపిడ్ కిరీటం ఆమెకే దక్కింది. ఇల్లు, బిడ్డ వచ్చిన తరువాత తమ తలాంతు ముగిసిపోయిందనుకునే మన ఆడపడుచులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన ఇంటి లెక్క

ప్రియ సహోదరులారా, ఈ జీవితాలన్నిటిలో రెండు సంగతులు సమానంగా కనిపిస్తున్నాయి. మొదటిది, వారిలో ఎవరూ తలాంతును పాతిపెట్టలేదు. తప్పినా, తరిమినా, ఓడినా మళ్లీ పని మొదలుపెట్టారు. రెండవది, వారి పక్కన ఎవరో ఒకరు నిలిచి భయాన్ని తీసివేశారు. ఒకరికి నగలమ్మిన తల్లి, ఒకరికి పాదం పట్టిన పండితుడు, ఒకరికి పిడికెడు మెతుకులు పెట్టిన పరాయి ఇల్లాలు, ఒకరికి గురువు, ఒకరికి తండ్రి. మనలో అందరము సుబ్బారావులము కాలేము. కాని మనలో ప్రతి ఒక్కరము ఆ పక్కన నిలిచిన మనిషి కాగలము.

దీనికి విరుద్ధంగా జరిగినప్పుడు ఏమవుతుందో కూడా మన కళ్లతో చూశాము. మన పొలిమేర దాటితే తెలంగాణ. అక్కడ 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాల గందరగోళం తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వారు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. మన రాష్ట్రంలోనూ ఫలితాల వేళ అలాంటి వార్తలు వింటూనే ఉన్నాము. ఒక్క తలాంతువాడు ధనాన్ని పాతిపెట్టాడు. ఈ బిడ్డలు భయంతో తమ జీవితాన్నే పాతిపెట్టుకున్నారు. ఆ తల్లిదండ్రులను మనము నిందించరాదు. వారి దుఃఖం సర్వేశ్వరునికి తెలుసు. మనము చేయవలసింది, మన ఇంట ఆ భయానికి చోటు లేకుండా చేయడం.

అందుకు నాలుగు మాటలు చెబుతాను.

ఫలితం వచ్చిన తరువాత ఓదార్చడం కాదు, రాకముందే చెప్పండి. "నీకు ఎన్ని వచ్చినా నీవు మా బిడ్డవే, ఆ పూట కలిసే అన్నం తింటాము" అని ముందురోజు రాత్రే చెప్పండి. చెప్పకుండానే వారికి తెలుసులే అనుకోవద్దు. పిల్లలకు తెలియదు. కళాశాల ఫీజు కట్టడానికి మీరు చేసిన అప్పు మాత్రం వారికి బాగా తెలుసు.

విజయవాడ హాస్టళ్లలో పిల్లలను ఉంచినవారు ఆదివారం ఫోను చేసినప్పుడు మొదటి ప్రశ్నగా వారపు పరీక్ష మార్కులు అడగవద్దు. తిన్నావా, నిద్రపోయావా, నీ స్నేహితులెవరు అని అడగండి. బిడ్డ మాట తగ్గినా, తిండి తగ్గినా, "నేను ఎందుకూ పనికిరాను" అన్నా తేలికగా తీసుకోవద్దు. వెంటనే వెళ్లి పక్కన కూర్చోండి. ప్రభుత్వంవారి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. వైద్యుని దగ్గరకు తీసుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు. గురువుల దగ్గరకు తీసుకురండి. వారు గద్దించకుండా వింటారు.

పిల్లలను పోల్చవద్దు. మన పక్కనే నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లె పిల్లలకు అది గొప్ప మేలు చేసింది. పక్కింటి పిల్లవానికి అక్కడ సీటు వస్తే సంతోషించండి. మీ పిల్లవానికి రాకపోతే, వాని చేతిలో ఉన్న రెండు తలాంతులు ఏమిటో ఓపికగా వెదకండి. మోటారు విప్పి బిగించే చేయి, రోగిని ఓర్పుతో చూసుకునే మనసు, పాడే గొంతు, పొలాన్ని ప్రేమించే గుణం, ఇవన్నీ సర్వేశ్వరుని ఖజానానుంచి వచ్చినవే. విచారణ గురువులకు పాలక పునీతుడైన జాన్ మరియ వియాన్ని గురువిద్యాలయంలో లతీను భాష పట్టుబడక బయటకు పంపబడినవాడు. ఆర్స్ అనే చిన్న పల్లెకు ఆయనను గురువుగా పంపారు. ఆ పల్లెకు పాపసంకీర్తనం చేసుకోవడానికి ఫ్రాన్సు దేశం నలుమూలలనుంచి జనం వచ్చారు. 1925లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

నాలుగవ మాట విచారణ సంఘాలకు. మన దేవాలయ ఆవరణ ఆదివారం దివ్యబలిపూజ తరువాత ఖాళీగా ఉంటుంది. విశ్రాంత ఉపాధ్యాయులు గంటసేపు లెక్కలు, ఇంగ్లీషు చెప్పవచ్చు. గత ఏడాది పాఠ్యపుస్తకాలు ఒక అలమరలో పెట్టి లేనివారికి ఇవ్వవచ్చు. హార్మోనియం తెలిసినవారు ఇద్దరు పిల్లలకు నేర్పవచ్చు. వాలీబాలు నెట్ కట్టవచ్చు. విచారణ ఉత్సవంలో మార్కులు తెచ్చినవారిని సన్మానించేటప్పుడు, తప్పి మళ్లీ రాసి ఉత్తీర్ణులైన పిల్లలను కూడా వేదికమీదికి పిలవండి. రెండు తలాంతులవానికి అదే మెప్పు అని ప్రభువు నేర్పిన పాఠం అక్కడ అందరికీ కనిపిస్తుంది.

యువతీ యువకులారా, మీకూ ఒక మాట. నేను చెప్పినదంతా విని, "అయితే చదవకపోయినా ఫరవాలేదు" అని పుస్తకం మూసేయకండి. యజమాని మెచ్చుకున్నది పనిచేసినవారిని. సుబ్బారావు రాత్రి పోర్టరు పని చేసి పగలు చదివాడు. హంపి గంటల తరబడి బల్ల ముందు కూర్చున్నది. ఘంటసాల తినీ తినకా సాధన చేశాడు. కష్టపడండి. కాని భయంతో కష్టపడవద్దు. మీకు తలాంతు అప్పగించినవాడు మీరు పడిపోతే చూసి నవ్వేవాడు కాడు.

మన ప్రాంత రైతుకు తెలిసిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మామిడి చెట్టు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు కాపు తగ్గిపోతుంది. కాపు తగ్గిన ఏడాది ఏ రైతూ గొడ్డలి తీసుకుని తోటకు పోడు. పాదు చేసి, ఎరువు వేసి, నీరు పెట్టి మరుసటి పూతకోసం ఎదురుచూస్తాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో కాయని అంజూరపు చెట్టును నరికించబోయిన యజమానిని తోటమాలి అడిగినది కూడా ఇదే: ఇంకొక్క ఏడాది గడువు. చెట్టుకు ఇచ్చే ఆ ఒక్క ఏడాదిని మన కడుపున పుట్టిన బిడ్డకు ఇవ్వలేమా?

ప్రార్థింతము: ప్రేమామయుడవైన తండ్రీ, మా బిడ్డలలో నీవు ఉంచిన వరాలను గుర్తించే కన్నులు మాకు ఇమ్ము. వారి ఓటమి దినమున వారి పక్కన నిలిచే ఓర్పును మాకు ఇమ్ము. తప్పిన పరీక్షల భారంతో ఈ రాత్రి నిద్రపట్టని ప్రతి బిడ్డను, దిగులుతో ఉన్న ప్రతి తల్లిని, తండ్రిని నీ చేతిలో పెట్టుచున్నాము. మా నాథుడైన క్రీస్తు ద్వారా ఈ మనవి ఆలకించుము. ఆమెన్.